జమున రెండు సాంచాలు, మా సంఘం పదకొండో నియమం

మా ఊళ్లో పవర్‌లూమ్‌ని ఎవరూ పవర్‌లూమ్ అనరు, సాంచా అంటారు. హుస్నాబాద్ నుంచి కరీంనగర్ పోయే దారిలో, బస్సు ఆగీ ఆగనట్టు ఆగే చోట దిగితే ఒక రేకుల షెడ్డు ఉంటుంది. కనిపించకముందే వినిపిస్తుంది. అందులో ఇరవై నాలుగు సాంచాలు. సర్కారు షెడ్డు కట్టించి మా నేత కార్మికుల సంఘం చేతిలో పెట్టింది. పన్నెండు మంది సభ్యులం, మనిషికి రెండు సాంచాలు. ఆ సంఘానికి ఇరవై ఆరేళ్లుగా కార్యదర్శిని నేనే. పేరు తిరుమల. కార్యదర్శి అంటే పెద్ద పదవేమీ కాదు, పన్నెండు మందిలో తప్పుల్లేకుండా నాలుగు వాక్యాలు రాయగలిగినవాడు అని అర్థం. తప్పుల్లేకుండా అన్నది మావాళ్ల నమ్మకం. దాని సంగతి తర్వాత చెప్తాను.

చెప్పవలసింది నా గురించి కాదు, జమున గురించి.

జమున దశరథం ఒక్కగానొక్క బిడ్డ. ఆరేళ్లప్పుడే కండెలు చుట్టడం నేర్చింది. కండెలంటే, సాంచా మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే దారపు చుట్టలు. అవి చుట్టడం ఆడవాళ్ల పని, సాంచా నడపడం మగవాళ్ల పని అని మా దగ్గర ఒక లెక్క. చిన్న పనికి ఆడవాళ్లు, పెద్ద పనికి మగవాళ్లు. ఏది చిన్నదో ఏది పెద్దదో తేల్చింది కూడా మగవాళ్లే కాబట్టి ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

జమునకు ఇరవై ఏడేళ్లు వచ్చేసరికి దశరథానికి దమ్ము పట్టుకుంది. షెడ్డులో పత్తి ధూళి మింగీ మింగీ ఊపిరితిత్తులు మొరాయించాయి. పది నిమిషాలు నిలబడితే ఇరవై నిమిషాలు కూర్చోవాలి. మర్నాటి నుంచి సాంచాల దగ్గర కూతురు నిలబడింది, తండ్రి గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పదమూడేళ్లు అలాగే గడిచాయి. సంఘం దృష్టిలో మాత్రం సాంచాలు నడుపుతున్నది దశరథమే. స్టూలు మీద కూర్చుని అంత గుడ్డ నేసిన మనిషి ఈ జిల్లాలో మరొకడు లేడు.

సంబంధాలు రాకపోలేదు. లక్సెట్టిపేట నుంచి వచ్చిన ఒకాయన చాయ్ తాగి, "పెండ్లయినంక సాంచాలు ఎవలు నడుపుతరు మరి?" అన్నాడు. "మీరు నడుపుతరా? నేర్పిస్త" అంది జమున. ఆయన ఖాళీ గ్లాసు కింద పెట్టి పోయినవాడు మళ్లీ రాలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఆ గ్లాసు కూడా తాగలేదు.

మనిషి నోరు మంచిది కాదని ఊళ్లో పేరుంది. నిజానికి నోరు మంచిదే, చెవులే మాకు మంచివి కావు. షెడ్డులో మరుగుదొడ్డి ఒకటే ఉండేది. తలుపు మీద "పురుషులు" అని రాసి ఉండేది, ఎందుకంటే సభ్యులందరం పురుషులమే. ఆడవాళ్లకు ఇంకొకటి కట్టించమని జమున అడిగింది. సంఘం వెంటనే స్పందించి కమిటీ వేసింది. కమిటీ మూడేళ్లు చాయ్ తాగింది. ఒకనాడు పొద్దున చూస్తే తలుపు మీద "పురుషులు" లేదు, సుద్దముక్కతో "మనుషులు" అని ఉంది. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. ఎవరు రాశారో విచారించాలని తీర్మానం చేశాం. ఊళ్లో అలాంటి చేతిరాత ఒక్కరికే ఉందని తెలిసి విచారణ మానుకున్నాం.

పోయిన భాద్రపదంలో దశరథం చనిపోయాడు. సభ్యుడు పోతే ఒకరోజు సాంచాలన్నీ ఆపడం మా ఆచారం. ఆపాం. పాడె మోశాం. దినాలు కాగానే సంఘం అధ్యక్షుడు కైలాసం వాళ్లింటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. వెనక సంచీ పట్టుకుని నేను.

"బిడ్డా, మీ బాపు మంచోడు" అన్నాడు కైలాసం. "గని నియమం నియమమే గదా. పదకొండో నియమం ప్రకారం సభ్యుడు పోతె సాంచాలు దగ్గరి మగ వారసునికి పోతయి. మీ చిన్నాయన కొడుకు రంజిత్ ఉండె గద, వచ్చే అమాస నాడు ఆయన పేరు మీద రాస్తం."

రంజిత్ కరీంనగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేస్తాడు. పగిలిన అద్దం పావుగంటలో మారుస్తాడు, అందులో అనుమానం లేదు. తెగిన పోగు ముడి వేయమంటే మాత్రం దానికి చార్జింగ్ పెట్టాలా అని అడిగే రకం.

"గా రెండు సాంచాలు పోతె నేనేం తిని బతకాలె, పెద్దబాపూ?" అంది జమున.

"కండెలు చుట్టుకో. కాదంటె లగ్గం చేస్కో. నీ పెనిమిటి పేరు మీద రాసేదానికి మాకేం ఇబ్బంది లేదు."

అంటే ఎదురుగా ఉన్న జమున కన్నా, ఇంకా ఎక్కడున్నాడో తెలియని జమున మొగుడికి మా సంఘంలో హక్కు ఎక్కువ. నేను తలూపాను. తలూపడం కార్యదర్శి విధుల్లో ముఖ్యమైనది.

మర్నాడే జమున కరీంనగర్ బస్సెక్కింది. అక్కడ కరుణాకర్ అని ఒక వకీలు ఉన్నాడు. కేసులు తక్కువ, పుస్తకాలు ఎక్కువ. క్లయింట్లు పెద్దగా ఇబ్బంది పెట్టకపోవడంతో దేశదేశాల తీర్పులు చదువుకునే తీరిక ఆయనకు దొరికింది. జమున చెప్పిందంతా విని, "హైకోర్టుకు పోదాం. గెలుస్తం గూడ కావచ్చు. గని తీర్పు వచ్చేసరికి నీ సాంచాలు తుప్పు పడతయమ్మా. ముందుగాల మీ పెద్దమనుషులతోని నేను మాట్లాడుత" అన్నాడట. మా కైలాసంతో మాట్లాడటం హైకోర్టు కన్నా తొందరగా తేలుతుందని నమ్మాడంటే, చదువు ఎంత ఎక్కువైందో చూడండి.

అమావాస్య రానే వచ్చింది. ఆ రోజు మాకు సాంచాలు బంద్, సంఘం కూర్చునేది కూడా ఆ రోజే. పొద్దున చాయ్ ఇస్తూ మా ఆవిడ చంద్రవ్వ అడిగింది.

"ఏమయ్యా, నువ్వు పోయినంక మన సాంచాలు ఎవలియి?"

పొద్దున్నే అడగవలసిన ప్రశ్న కాదు. మాకు ఒక్కతే కూతురు సృజన, అత్తగారింట్లో ఉంది. "మా తమ్ముని కొడుకుకు పోతయి" అన్నాను.

"ఇప్పుడు నడుపుతున్నదెవలు?"

చాయ్ వేడిగా ఉందన్న వంకతో నేను గ్లాసు ఊదుకుంటూ కూర్చున్నాను. నా కళ్లకు పొర వచ్చి ఎనిమిదేళ్లు. ఎనిమిదేళ్లుగా నా సాంచాలు నడుపుతున్నది చంద్రవ్వే. నేను రిజిస్టర్ నడుపుతున్నాను.

"మరి గా పోరడు నన్ను షెడ్డులకు రానిస్తడా?" అని ఆమె గ్లాసు తీసుకుని లోపలికి పోయింది. చాయ్ సగం అలాగే ఉంది, అయినా తీసుకుపోయింది.

ఇప్పుడు ఆ నియమాల సంగతి చెప్పాలి. ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు. సంఘం రిజిస్టర్ చేయించేటప్పుడు నియమావళి కావాలన్నారు. నియమావళి ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలియదు. పక్క ఊళ్లో గీత కార్మికుల సంఘం వాళ్ల దగ్గర ఒకటి ఉందంటే అడిగి తెచ్చాను. వాళ్ల మూడో నియమంలో "తాటిచెట్టు ఎక్కగల పురుషుడు మాత్రమే సభ్యుడగును" అని ఉంది. చెట్టు ఎక్కగల అన్నది కొట్టేసి సాంచా నడపగల అని రాశాను. అలా ఒక్క రాత్రిలో మా తాతల కాలం నాటి ఆచారం తయారైంది. తొందరలో పదకొండో నియమం దగ్గర కొట్టేయడం మరిచిపోయాను. దస్తూరీ బాగుంటుందని సాఫు ప్రతి దశరథం కూతురితో రాయించాం. అప్పుడు జమునకు పద్నాలుగేళ్లు. "కాకా, గిండ్ల చెట్టు ఏంది?" అని అడిగింది. నేను ఏదో పనిలో ఉండి, "ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాను. ఉన్నది ఉన్నట్టు రాసింది. సంతకాలు, ముద్రలు, అన్నీ అయ్యాక నేను చూసుకున్నాను. అప్పటి నుంచి ఎవరు చదవమన్నా ఆ ముక్క మింగేసి చదువుతున్నాను.

షెడ్డులో చాపలు పరిచాం. సభ్యులు చాపల మీద, ఆడవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి. వకీలు కోసం ప్లాస్టిక్ కుర్చీ వేశాం. రంజిత్ సెలవు పెట్టి వచ్చి ఫోను చూసుకుంటున్నాడు. కరుణాకర్ సంచీలోంచి కాగితాలు తీసి అమెరికాతో మొదలుపెట్టాడు.

"మిషిగన్ అని ఒక రాష్ట్రం. నలభై ఎనిమిదో సంవత్సరం. ఒక తల్లీబిడ్డ, తల్లికి సొంతంగ మందు దుకాణం ఉన్నది. గని అక్కడి చట్టమేమన్నదంటె, ఆడమనిషి కౌంటర్ల నిలబడి మందు పొయ్యాల్నంటె దుకాణందారు ఆమెకు మొగడన్న గావాలె, తండ్రన్న గావాలె. తల్లీబిడ్డ సుప్రీంకోర్టుకు పోయిండ్రు."

"కోర్టు ఏమన్నది?" అన్నాడు కైలాసం.

"చట్టం సరిగ్గనే ఉన్నదన్నది."

కైలాసం తొడ చరిచాడు. "సూసిండ్రా! అమెరికా గూడ మన తీరే. తండ్రి ఉన్నన్ని దినాలు నడుపుకో, తండ్రి పోతె ఇంటికి పో!"

ఓడిపోయిన కేసుతో మొదలుపెట్టే వకీలును నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆయన కంగారుగా, "ఆగుండ్రి. ఇరవై ఎనిమిదేండ్లకు గదే కోర్టు గా తీర్పు సరైంది గాదని ఒప్పుకున్నది" అన్నాడు.

"మంచిది. మనం గూడ ఇరవై ఎనిమిదేండ్లకు ఒప్పుకుందాం" అన్నాడు కైలాసం. అందరం నవ్వాం. జమున నవ్వలేదు. గుమ్మం దగ్గర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అయినా రాత్రి షిఫ్టుల ఆడిది ఎట్ల నడుపుతది, వకీల్ సాబ్? తొవ్వల మంచీ చెడూ ఉండదా?" అన్నాడు కైలాసం. పదమూడేళ్లుగా జమున రాత్రి షిఫ్టు నడుపుతూనే ఉంది. ఆ వేళకు పెద్దమనుషులంతా నిద్రలో ఉంటారు కాబట్టి ఆ సంగతి సంఘం దృష్టికి రాలేదు.

కరుణాకర్ జర్మనీ కాగితం తీశాడు. అక్కడ ఆడకూలీలు రాత్రిపూట పనిచేయకూడదని చట్టం ఉండేదట. తొంభై రెండులో వాళ్ల రాజ్యాంగ కోర్టు దాన్ని కొట్టేసింది. రాత్రి పని ఒంటికి మంచిది కాదంటే మగవాడి ఒంటికీ మంచిది కాదు, దారిలో భయం ఉంటే ప్రభుత్వం ఆ భయాన్ని తీసేయాలి కానీ ఆడమనిషి పని తీసేయకూడదు, అంది. మన సుప్రీంకోర్టు కూడా రెండు వేల ఏడులో ఇంచుమించు అదే మాట చెప్పిందట. ఢిల్లీలో మందు అమ్మే చోట్ల ఆడవాళ్లను కొలువులో పెట్టకూడదన్న పాత చట్టం మీద.

"గిదేంది, అమెరికల మందే, ఢిల్లీల మందే!" అన్నాడు కైలాసం. "మనది గుడ్డ నేసే సంఘం. కల్లు దుకాణం నియమాలు మనకెందుకు?"

 రిజిస్టర్‌ను ఒళ్లోంచి తీసి కింద పెట్టాను, మళ్లీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"సరే, ఆఖరిది. కెనడా" అన్నాడు కరుణాకర్. "అడవులల్ల మంటలు ఆర్పే కొలువు. ఒకామె మూడేండ్లు మంచిగ చేసింది. తర్వాత కొత్త పరీక్ష పెట్టిండ్రు, రెండున్నర కిలోమీటర్లు పదకొండు నిమిషాలల్ల ఉరకాలె. ఆమెకు యాభై సెకన్లు ఎక్కువ పట్టింది. కొలువుల నుంచి తీసేసిండ్రు. అక్కడి సుప్రీంకోర్టు ఒక్కటే అడిగింది. గా ఉరుకుడుకూ మంటలు ఆర్పుడుకూ సంబంధమేంది, చూపియ్యుండ్రి అని. చూపియ్యలేకపోయిండ్రు. ఆమె కొలువు ఆమెకు వచ్చింది." ఆయన కాగితాలు మడిచాడు. "నేను గూడ గంతే అడుగుతున్న. మీ నియమం ఎందుకు పెట్టిండ్రు? సాంచా నడిపేదానికి అది ఏం పనికొస్తది?"

"తాతల కాలం నుంచి ఉన్నది" అన్నాడు కైలాసం. దేశం ఏదైనా, కోర్టు ఏదైనా, పెద్దమనుషుల మొదటి జవాబు ఇదే అయి ఉంటుంది. "తిరుమలా, పదకొండోది సదువు."

నేను లేచాను. రిజిస్టర్ తెరిచాను. ఎప్పటిలాగే "సభ్యుడు మరణించినచో" అని మొదలుపెట్టాను.

"కాకా" అంది జమున గుమ్మం దగ్గర నుంచి. గొంతు పెద్దది చేయలేదు. "ఉన్నది ఉన్నట్టు సదువు."

ఇరవై ఆరేళ్లుగా ఆమెకు గుర్తుంది. ఇరవై ఆరేళ్లుగా నా పరువు కాపాడింది. ఆమె పక్కనే చంద్రవ్వ నిలబడి ఉంది. సగం తాగిన చాయ్ గ్లాసు నాకు గుర్తొచ్చింది. నాకు సిగ్గేసింది. చదివాను.

"సభ్యుడు చెట్టు మీద నుండి జారిపడి మరణించినచో, అతని వాటా దగ్గరి మగ వారసునికి చెందును."

 కైలాసం, "ఏం చెట్టు?" అన్నాడు.

"తాటిచెట్టు" అన్నాను. మొత్తం చెప్పాను. పక్క ఊరు, గీత కార్మికులు, నా కొట్టివేత, నా మరుపు, అంతా.

"మా బాపు చెట్టు మీదికెళ్లి పడి సచ్చిండా, పెద్దబాపూ?" అంది జమున. "దమ్ముతోని సచ్చిండు. గీ గుమ్మం కాడ స్టూలు మీద. మీరే పాడె మోసిండ్రు."

గుమ్మం దగ్గర ఆడవాళ్లు ముందు నవ్వారు. తర్వాత చాపల మీద నవ్వు మొదలైంది. కైలాసం మాత్రం అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. "సరే, చెట్టు కొట్టెయ్. మిగిలింది ఉంచు. మూడో నియమం ఉన్నదిగ, 'సాంచా నడపగల పురుషుడు' అని. అండ్ల చెట్టు లేదుగ."

"లేదు" అంది జమున. చెప్పులు విడిచి చాప దాకా వచ్చింది. "గని అండ్ల రెండు మాటలున్నయి. రెండూ పట్టుకుందాం. రంజిత్ తమ్మీ, రా. గా సాంచా మీద ఒక్క పోగు తెంపుత, ముడెయ్యి."

రంజిత్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. అటూ ఇటూ చూసి, "నాకెక్కడొస్తది అక్కా" అన్నాడు. ఆ రోజు షెడ్డులో అడగ్గానే నిజం చెప్పిన మొదటి మగవాడు వాడే.

"పెద్దబాపూ, నువ్వెయ్యి." కైలాసం సాంచా ముట్టి పదేళ్లయింది, ఆయన సాంచాలు కూలీలు నడుపుతారు. ఆయన పంచె సర్దుకున్నాడు. జమున ఒక్కొక్కరి వైపూ చూస్తూ పోయింది. ఒకడు భూముల బేరాల్లో ఉన్నాడు, ఒకడికి నడుం పట్టుకుంది, ఒకడి పెళ్లాం నడుపుతుంది. నా దగ్గరికి రాకముందే చంద్రవ్వ, "మాయన గూడ గాదు. నేనే నడుపుతున్న" అంది. అంతా చూస్తే బతికున్న పదకొండు మందిలో సాంచా నడపగల పురుషులు నలుగురే తేలారు.

నేత కార్మికుల సంఘం నలుగురితో మిగిలిపోయే ప్రమాదం రావడంతో కైలాసం బుర్ర చకచకా పనిచేసింది. "ఐతె గా 'సాంచా నడపగల' అన్న మాట కొట్టెయ్. 'పురుషుడు' ఉంటె సాలు. తిరుమలా, తీర్మానం రాయి."

తలలు ఊగాయి. కరుణాకర్ ఇన్ని దేశాల తీర్పులు చదివాడు కానీ, ఇలాంటి తీర్పు ఆయనకు ఎక్కడా దొరికినట్టు లేదు. మడిచిన కాగితాలు మళ్లీ విప్పి చూసుకున్నాడు.

నేను పెన్ను మూత తీశాను. రాయలేకపోయాను. "నా కండ్లు కనవడుతలెవ్వు" అని రిజిస్టర్, పెన్ను జమున ముందు పెట్టాను. "మొదటి ప్రతి రాసిన చెయ్యి నీదే. గిది గూడ నువ్వే రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి."

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. చాప మీద కూర్చుంది. షెడ్డులో చాప మీద ఆడమనిషి కూర్చోవడం అదే మొదలు. నిదానంగా రాసి పైకి చదివింది.

"నేత కార్మికుల సంఘంలో సభ్యుడు కావడానికి నేత రావలసిన అవసరం లేదు. మగవాడైతే చాలు. నేత వచ్చిన ఆడవాళ్లకు సంఘంలో చోటు లేదు. దీనికి మేమందరం సమ్మతించి సంతకం చేసినాము." రిజిస్టర్ తిప్పి కైలాసం ముందుకు జరిపింది. "పెట్టు, పెద్దబాపూ. షెడ్డు ఇచ్చిన ఆఫీసుకు వకీల్ సాబ్ ఒక ప్రతి పట్టుకపోతడు."

కైలాసం పెన్ను అందుకున్నాడు. కాగితం చూశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి, కళ్లకు పొర వచ్చిన నాకే కనిపిస్తున్నాయి. పెన్ను పక్కవాడికి ఇచ్చాడు. పక్కవాడు తన పక్కవాడికి ఇచ్చాడు. పదకొండు మంది చేతులూ తిరిగి పెన్ను మళ్లీ జమున దగ్గరికే వచ్చింది, ఒక్క సంతకం కూడా పడలేదు. నోటితో అనడానికి ఎవరికీ సిగ్గు లేకపోయింది కానీ, కింద పేరు పెట్టడానికి మాత్రం అందరికీ వచ్చింది.

కైలాసం గోడకేసి చూస్తూ అన్నాడు. "గా 'పురుషుడు' కొట్టెయ్. 'సాంచా నడపగల' ఉంచు."

"మరి మీరంతా?" అంది జమున.

"ఉన్నోళ్లు ఉంటరు. కొత్తగ వచ్చేటోళ్లకే గా నియమం."

"సరే" అంది. తీర్మానం కొట్టేసింది. మూడో నియమంలో, పద్నాలుగేళ్లప్పుడు తను రాసిన "పురుషుడు" మీద ఒక్క గీత గీసింది. పదకొండోదాన్ని చెట్టుతో సహా అలాగే వదిలేసింది, చెట్టు మీద నుంచి పడేవాళ్లెవరూ మాలో లేరు కదా. సభ్యుల పట్టీలో దశరథం పేరు మీద గీత గీయబోయి ఆగింది. కళ్లు తుడుచుకుంది. అప్పుడు గీసింది. కింద తన పేరు రాసింది. కరుణాకర్ ఎవరూ అడగకుండానే చప్పట్లు కొట్టి, ఒక్కడే కొడుతున్నానని తెలిసి మానేశాడు.

జమున పెన్ను మూత పెట్టబోతుంటే చంద్రవ్వ చాప అంచు దాకా వచ్చింది.

"బిడ్డా, గండ్లనే మా ఆయన పేరు కొట్టేసి నాది రాయి."

నేను ఇంకా బతికే ఉన్నానని గుర్తు చేశాను.

"ఉండయ్యా, నేనేమన్న వద్దంటున్ననా?" అంది చంద్రవ్వ. "రాయి బిడ్డా."

జమున నా వైపు చూసింది. తలూపడం నాకు అలవాటే కదా, ఊపాను.